అలాస్కా క్రూజ్‌కి కాంపాక్ట్ కెమెరా: ముందు తిమింగలం తోక కొలవండి

ప్రశ్న: జులైలో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వస్తున్న మా అత్తగారు, మామగారు. ఫోన్లు రెండూ ఐఫోన్ 14. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా మోయలేం, కోటు జేబులో పట్టేది కావాలి. ఆరేడు వందల డాలర్ల దాకా పెట్టగలం. మా చెల్లెలు క్యానన్ జీ7ఎక్స్ కొనమంటోంది, ఆఫీసులో ఒకాయన వాటర్‌ప్రూఫ్‌ది తీసుకోమంటున్నారు. ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి? సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? ట్రైపాడ్ కావాలా?

సమాధానం:

ఓడ మీద మీరు తీసే ఫొటోల్లో చాలా భాగానికి మీ ఐఫోన్లే చాలు. డిన్నర్ టేబుల్ దగ్గర అత్తగారు, మామగారు, పూల్‌లో పిల్లలు, కెచికాన్‌లో క్రీక్ స్ట్రీట్ చెక్క ఇళ్ళు, స్కాగ్వే రైలు కిటికీలోంచి లోయ, వీటి కోసం ఇంకో కెమెరా కొనడం దండగ. చీకట్లో అయితే చిన్న కెమెరాల కంటే ఫోనే బాగా తీస్తుంది. ఫోన్ చేతులెత్తేసేది ఒక్క విషయంలోనే, దూరం. కాబట్టి మీరు కొనే కెమెరా ఫోన్‌కి పోటీగా ఉండనక్కర్లేదు. ఫోన్ చేయలేని ఆ ఒక్క పనీ చేస్తే చాలు. ఈ సంగతి ముందే తేల్చుకుంటే సగం మోడళ్ళు వాటంతటవే జాబితాలోంచి పోతాయి.

ఎంత దూరం? అలాస్కా నీళ్ళలో హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 గజాల కంటే దగ్గరగా ఏ బోటూ వెళ్ళకూడదని అమెరికా ప్రభుత్వ నిబంధన ఉంది. అంటే 91 మీటర్లు. జూనో దగ్గర ఆక్ బే నుంచి తిమింగలాలు చూపించడానికి తీసుకెళ్ళే బోట్లన్నీ దీన్ని పాటిస్తాయి. చాలాసార్లు దూరం ఇంకా ఎక్కువే ఉంటుంది. పెరిగిన హంప్‌బ్యాక్ పొడవు 13, 14 మీటర్లు. దాని తోక రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు నాలుగున్నర మీటర్లు. అందరూ ఫొటో తీయాలనుకునేది ఆ తోకనే.

ఇప్పుడు చిన్న లెక్క. ఐఫోన్ 14 ప్రధాన లెన్సు 26 మిల్లీమీటర్లది. ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. 91 మీటర్ల దూరంలో దాని ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు 126 మీటర్లు. అందులో నాలుగున్నర మీటర్ల తోక ఎంత? ఫొటో వెడల్పులో ఇరవై ఎనిమిదో వంతు. ఇంటికొచ్చి ఫొటో చూపిస్తూ ‘అదిగో ఆ నల్ల చుక్కే’ అని వేలు పెట్టి చెప్పాల్సిందే. 120 మిల్లీమీటర్ల లెన్సున్న ఖరీదైన ఫోన్లయితే తోక ఆరో వంతు దాకా వస్తుంది. 200 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు 16 మీటర్లు, తిమింగలం మొత్తం సరిపోతుంది, తోక పావు వంతు. 360 దగ్గర తోక సగం ఫ్రేము. 720 దగ్గర తోక ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండిపోతుంది.

ఈ లెక్క మీదే నా సమాధానమంతా నిలబడి ఉంది. 300 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా చేరగల లెన్సు మీకు కావాలి. అంతకంటే ఎక్కువుంటే మంచిదే, కానీ ఆ ఎక్కువ ఊరికే రాదు.

కెమెరా డబ్బా మీద ‘30ఎక్స్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది మిల్లీమీటర్లు కాదు, నిష్పత్తి. 24 నుంచి మొదలయ్యే లెన్సుకి 30ఎక్స్ అంటే 720. ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఎక్స్ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ‘35 ఎంఎం ఈక్వివలెంట్’ అని స్పెసిఫికేషన్లలో ఒక వరుస ఉంటుంది, నేను చెప్తున్న మిల్లీమీటర్లన్నీ ఆ లెక్కలోవే, కొనేముందు దాన్ని వెతికి చదవండి. అలాగే ‘డిజిటల్ జూమ్’ అని ఉంటే అది లేనట్టే లెక్క. తీసిన ఫొటోని కత్తిరించి సాగదీయడమే అది.

ఆన్‌లైన్‌లో వంద డాలర్లకి ‘4కే, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్’ అంటూ ఊరూ పేరూ లేని కెమెరాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. వాటి రివ్యూలు చూసి మోసపోకండి. చాలావాటిలో అసలు కదిలే లెన్సే ఉండదు, ఆ 16ఎక్స్ అంతా డిజిటలే. మీ ఐఫోన్ కంటే ఘోరంగా తీస్తాయి. పిల్లలు ఆడుకోవడానికైతే సరే.

మెగాపిక్సెల్స్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 4కి 6 అంగుళాల ఆల్బమ్ ప్రింటుకి 2 మెగాపిక్సెల్స్ పైచిలుకు చాలు. 8కి 12 అంగుళాల పెద్ద ప్రింటుకి 9 లోపే. నేను కింద చెప్పబోయే వాటిలో దాదాపు అన్నీ 20 మెగాపిక్సెల్స్‌వే. ఇంకోసారి ఆ అంకె వంక చూడనక్కర్లేదు.

చూడాల్సిన రెండో అంకె సెన్సర్ సైజు, అంటే వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్ ఎంత పెద్దదో. జేబులో పట్టే పెద్ద జూమ్ కెమెరాలు రెండు రకాలు. ఒక రకంలో సెన్సర్ సుమారు 6.2 బై 4.6 మిల్లీమీటర్లు ఉంటుంది, డబ్బా మీద 1/2.3 అంగుళం అని రాస్తారు. రెండో రకంలో ‘ఒక అంగుళం’ సెన్సర్. పేరుకి అంగుళమే గానీ నిజానికి 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. మొదటిదాని కంటే వైశాల్యం నాలుగు రెట్లు. అలాస్కాలో ఎండ తక్కువ, మబ్బు ఎక్కువ. కెచికాన్‌లో ఏడాదికి 150 అంగుళాల దాకా వాన పడుతుంది, హైదరాబాద్‌లో పడేదానికి నాలుగు రెట్ల పైమాటే. వెలుతురు తగ్గేకొద్దీ చిన్న సెన్సర్ ఫొటోల్లో ఇసక పోసినట్టు గరుకు కనిపిస్తుంది.

సరే, మోడళ్ళు.

కొత్తది కావాలంటే మీ బడ్జెట్‌లో హాయిగా సరిపోయేది పానాసోనిక్ జెడ్‌ఎస్99. 2025 మొదట్లో 500 డాలర్ల ధరతో వచ్చింది. అమెరికాలో జెడ్‌ఎస్ అంటారు, మిగతా దేశాల్లో ఇదే టీజెడ్99, రెండు పేర్లు చూసి కంగారు పడకండి. చిన్న సెన్సర్, 24 నుంచి 720 లెన్సు, యూఎస్‌బీ-సీ చార్జింగ్, పైకి తిరిగే టచ్ స్క్రీన్. లోటల్లా వ్యూఫైండర్ లేకపోవడమే. దీనికి ముందు 2019లో వచ్చిన జెడ్‌ఎస్80లో అదే లెన్సు, కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ కూడా ఉంది. కొత్తదానిలో దాన్ని తీసేశారు. నాకైతే ఇది అస్సలు నచ్చలేదు. మంచు మీద వెలుతురు పడి మెరుస్తుంటే స్క్రీన్‌లో ఏమీ కనబడదు. పైగా 720 దగ్గర చేతులు చాచి పట్టుకుంటే వణుకుతుంది, ముఖానికి ఆనించి పట్టుకుంటే నిలకడగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో మంచి జెడ్‌ఎస్80 దొరికితే నేను దానివైపే మొగ్గుతాను, చార్జింగ్ పాత మైక్రో యూఎస్‌బీ అయినా సరే.

క్యానన్ ఎస్‌ఎక్స్740ది 24 నుంచి 960. కాగితం మీద ఇదే మొనగాడు. కానీ పూర్తిగా జూమ్ చేశాక లెన్సు ద్వారం ఎఫ్ 6.9కి కుంచించుకుపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది), వ్యూఫైండర్ లేదు, టచ్ స్క్రీన్ లేదు. పైగా 960 దగ్గర ఊగే బోటు మీద తిమింగలాన్ని వెతకడమంటే సూది బెజ్జంలోంచి చూస్తూ పావురాన్ని పట్టుకోబోవడమే. మీరు దాన్ని కనిపెట్టేలోపు అది మునిగిపోతుంది.

నా మొదటి ఓటు పానాసోనిక్ జెడ్‌ఎస్200కి, బయటి దేశాల్లో టీజెడ్200. 2018లో 800 డాలర్లకి వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చూడాలి. ఒక అంగుళం సెన్సర్, 24 నుంచి 360 లెన్సు, వ్యూఫైండర్ ఉంది. ‘720 ఎక్కడ, 360 ఎక్కడ, సగమే కదా’ అంటారేమో. 360లో తీసి మధ్య భాగం కత్తిరించుకుంటే 720 అవుతుంది. అలా కత్తిరించిన ముక్క పెద్ద సెన్సర్‌లో నాలుగో వంతు, అంటే దాదాపు చిన్న సెన్సర్ మొత్తమంత. రెండింటికీ చివరి జూమ్ దగ్గర లెన్సు ద్వారం ఎఫ్ 6.4. కాబట్టి గరుకు ఇంచుమించు సమానంగానే ఉంటుంది. మీరు పోగొట్టుకునేదల్లా పిక్సెళ్ళు, 20 కాస్తా 5 అవుతాయి. 5 మెగాపిక్సెల్స్ అంటే 6కి 9 అంగుళాల చక్కటి ప్రింటు. ఆ చివరి జూమ్ తప్ప మిగతా అన్నిచోట్లా పెద్ద సెన్సరే గెలుస్తుంది. ఇంకో లాభం, 360లో తిమింగలాన్ని ఫ్రేములోకి తెచ్చుకోవడం 720లో కంటే బాగా తేలిక.

ఇదే కుటుంబంలో అన్నయ్య జెడ్‌ఎస్100. 2016 నాటిది, 25 నుంచి 250, లెన్సు ఎఫ్ 2.8 నుంచి 5.9. డబ్బు బిగువుగా ఉంటే ఇది కూడా తీసుకోవచ్చు.

సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 గురించి ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. 24 నుంచి 200, చివర్లో ఎఫ్ 4.5, సెకనుకి 20 ఫొటోలు, కదిలేదాన్ని వెంటాడే ఫోకస్‌లో జేబు కెమెరాల్లో దానికి సాటి లేదు. 2019లో వచ్చినప్పుడే 1,200 డాలర్లు. కొనమని నేను చెప్పను. కానీ అమెరికాలో కెమెరాలు అద్దెకిచ్చే సంస్థలు పోస్టులో పంపి, తిరిగి పోస్టులో తీసుకుంటాయి. పది రోజులకి అద్దె కట్టి ఇంత మంచి కెమెరాతో వెళ్ళి రావచ్చు. తిరిగొచ్చాక మీ ఇంట్లో ఆ కెమెరా అల్మారాలో పడి ఉంటుందని మీకు ముందే తెలిస్తే అద్దే తెలివైన పని. కొన్ని రోజులు వాడేసి షాపుకి తిరిగిచ్చేద్దామనే చిట్కా మీకు ఎవరైనా చెప్తే మాత్రం వినకండి. మనవాళ్ళకి ఆ పేరు ఇప్పటికే ఉంది.

ఇక మీ చెల్లెలి సలహా. జీ7ఎక్స్ మార్క్ 3 మంచి కెమెరానే, రీల్స్ పుణ్యమా అని ఈ రెండు మూడేళ్ళలో దాని కోసం జనం ఎగబడుతున్నారు. ఎఫ్ 1.8 లెన్సు, మనుషుల ఫొటోలు, వీడియోలు అందంగా వస్తాయి. కానీ లెన్సు 24 నుంచి 100 దగ్గర ఆగిపోతుంది. 91 మీటర్ల దూరంలో 100 అంటే తోక ఏడో వంతు. ఖరీదైన ఫోన్లే దీన్ని దాటిపోయాయి. ఫోన్ ఇప్పటికే చేస్తున్న పనిని ఇంకాస్త బాగా చేయడానికి అంత డబ్బు పోయడం అవుతుంది. ఫ్యూజీ ఎక్స్100, రికో జీఆర్ కూడా అంతే, వాటికి అసలు జూమే లేదు. చాలా ఇష్టంగా వాడుకునే కెమెరాలు, ఈ ప్రయాణానికి మాత్రం కావు.

వాటర్‌ప్రూఫ్ అంటే మీ ఆఫీసులో ఆయన ఉద్దేశం ఓఎమ్ సిస్టమ్ టీజీ-7 అయి ఉంటుంది. 15 మీటర్ల లోతు నీళ్ళలో పనిచేస్తుంది, రెండు మీటర్ల ఎత్తు నుంచి పడ్డా తట్టుకుంటుంది, మైనస్ 10 డిగ్రీల చలికి ఆగుతుంది. మీరు వెళ్ళేది కరీబియన్ అయ్యుంటే, కొజుమెల్‌లో పిల్లలతో స్నార్కెలింగ్ చేసేదుంటే, ఇంకో మాట లేకుండా అదే కొనమనేవాడిని. కానీ దాని జూమ్ కూడా 100 దగ్గరే ఆగుతుంది. అలాస్కాలో నీళ్ళలోకి దిగేది లేదు, తడిసేది వానకే. వానకి మందు క్యాబిన్ బాత్రూములో ఉంటుంది, షవర్ క్యాప్. కెమెరాకి తొడిగి లెన్సు దగ్గర కిందికి లాగండి. షవర్ క్యాప్ లేకపోతే జిప్‌లాక్ సంచికి లెన్సు పట్టేంత కంత చేసి రబ్బరు బ్యాండు వేయండి. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా అన్నారు. తప్పకుండా, ఇప్పుడు చాలా మోడళ్ళకి అదే దారి. 2010లో ప్రపంచం మొత్తం మీద జపాన్ కంపెనీలు పంపిన కాంపాక్ట్ కెమెరాలు 10 కోట్లు దాటాయి. 2023 వచ్చేసరికి 20 లక్షలు కూడా లేవు. ఫోన్ల దెబ్బకి కంపెనీలు కొత్త మోడళ్ళు చేయడం దాదాపు ఆపేశాయి, ఉన్నవాటికే గిరాకీ పెరిగింది. అందుకే ఏడేళ్ళ నాటి కెమెరా ధర కూడా మీరనుకున్నంత పడిపోయి ఉండదు. వ్యక్తుల దగ్గర కంటే, వాడిన కెమెరాలు పరీక్షించి గ్యారంటీతో అమ్మే దుకాణంలో కొంటే తిరిగిచ్చే గడువుంటుంది.

కొన్నాక ఆ గడువులోపు ఒక పరీక్ష చేయండి, ముఖ్యంగా జెడ్‌ఎస్100, 200లకి. ఈ లెన్సులు లోపలికీ బయటికీ జరిగేటప్పుడు గాలితో పాటు దుమ్మును పీల్చుకుంటాయి, అది వెళ్ళి సెన్సర్ మీద కూర్చుంటుంది. తుడుద్దామంటే లెన్సు ఊడదు. తెల్లగోడ ముందు నిలబడి లెన్సు ద్వారాన్ని మీరే ఎంచుకునే ‘ఏ’ మోడ్‌లో ఎఫ్ 8 పెట్టి, జూమ్ పూర్తిగా లాగి, గోడని ఫోకస్ లేకుండా మసగ్గా తీయండి. కంప్యూటర్లో తెరిచి చూడండి. బూడిదరంగు గుండ్రటి మచ్చలు కనబడితే దుమ్ము ఉన్నట్టే, వెనక్కి పంపేయండి. ఆ మచ్చ ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో అదే చోట కూర్చుని ఉంటుంది. తర్వాత జూమ్‌ని మొదటి నుంచి చివరికి నాలుగైదుసార్లు తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందేమో, గరగర చప్పుడొస్తోందేమో చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మార్చేయండి.

కెమెరా చేతికొచ్చాక ఓడ ఎక్కే లోపు ఇంటి దగ్గర పార్కులో పక్షుల మీద, కార్ల మీద సాధన చేయండి. తిమింగలాల బోటు ఎక్కాక మెనూ వెతుక్కుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఆ బోటు మీద ఏం చేయాలో కొంచెం వివరంగా చెప్తాను, డబ్బు పెట్టి కొన్నది ఆ రెండు మూడు గంటల కోసమే కనుక. డయల్ ‘ఎస్’ మీద పెట్టండి, క్యానన్‌లో అయితే ‘టీవీ’. అప్పుడు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మీరే చెప్పొచ్చు. షట్టర్ స్పీడ్ 1/500, వెలుతురు బాగుంటే 1/1000. ఐఎస్‌ఓని, అంటే వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా ఫొటోని ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకెని, ఆటోలో ఉంచి, గరిష్ఠ పరిమితి చిన్న సెన్సర్‌కి 1600, పెద్దదానికి 3200 పెట్టండి. మామూలు మబ్బు రోజున ఎఫ్ 6.4 దగ్గర 1/500 అంటే ఐఎస్‌ఓ 500 దగ్గర పడుతుంది, వాన మబ్బయితే వెయ్యి. అది చిన్న సెన్సర్ కూడా భరిస్తుంది. స్టెబిలైజేషన్ ఉంది కదా అని షట్టర్ తగ్గించకండి. అది మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ తిమింగలాన్ని ఆపదు.

రెండు కళ్ళూ తెరిచి నీటిని చూడండి. ముందు తిమింగలం ఊపిరి వదిలిన ఆవిరి పొగలా లేస్తుంది. అప్పుడే జూమ్ పూర్తిగా లాగకండి, 150, 200 దగ్గర పెట్టి అటు తిప్పండి, దొరికాక లాగండి. తిమింగలం పైపైన కొన్నిసార్లు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత లోతుకి మునుగుతుంది. మునిగే ముందు వీపు మామూలు కంటే ఎత్తుగా విల్లులా వంగుతుంది. అది మీకు సైగ. వీపు అలా లేచిన క్షణాన బర్స్ట్ (ఆగకుండా వరసగా ఫొటోలు తీసే పద్ధతి) పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే తోక పైకి లేచి, నీళ్ళు కార్చుకుంటూ నిటారుగా నిలబడి, మెల్లగా జారిపోయేదాకా మొత్తం వరస వస్తుంది. తోక కనబడ్డాక నొక్కితే చివరి ముక్కే దక్కుతుంది. తోక ముంచాక కొన్ని నిమిషాలు అది పైకి రాదు. ఈలోగా కెమెరా దించి పిల్లల ముఖాలు ఫోన్‌తో తీయండి.

ఒక్కసారిగా గాల్లోకి ఎగిరే దూకుడుకి మాత్రం ఏ సైగా ఉండదు. పానాసోనిక్‌లో ‘4కే ప్రీ-బర్స్ట్’ అని ఒకటుంది, బటన్ నొక్కకముందు ఒక సెకనులో జరిగింది కూడా దాచిపెడుతుంది. 8 మెగాపిక్సెల్స్ ఫొటోలే వస్తాయి, అవి చాలు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతుంది, కాబట్టి ఒకసారి ఎగిరిన తిమింగలం మళ్ళీ ఎగురుతుందని ఆశ ఉన్నప్పుడే వాడండి.

మోచేతులు బోటు రెయిలింగ్ మీద ఆనించకండి. ఇంజిన్ అదురు నేరుగా కెమెరాకి పాకుతుంది. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి నిలబడితే ఒళ్ళే అదురు మింగేస్తుంది.

గ్లేసియర్ రోజు దీనికి పూర్తిగా తలకిందులు. అన్ని ఓడలూ గ్లేసియర్ బే లోపలికి వెళ్ళవు, రోజుకి రెండు క్రూజ్ ఓడలనే అనుమతిస్తారు. కొన్ని ఎండికాట్ ఆర్మ్‌కో, హబ్బార్డ్ గ్లేసియర్‌కో తీసుకెళ్తాయి. గ్లేసియర్ బేలో అందరూ చూసే మార్జరీ గ్లేసియర్ ముఖం సుమారు మైలు వెడల్పు, నీటిపైన 250 అడుగుల ఎత్తు. అక్కడ జూమ్ కాదు, వెడల్పు కావాలి, అంటే మీ ఫోనే. కెమెరా నీలం పగుళ్ళు దగ్గరగా తీయడానికి, మంచు పలకల మీద పడుకున్న సీల్‌లకి. కెమెరాని దాని మానాన వదిలేస్తే తెల్లటి మంచుని బూడిదరంగుగా తీస్తుంది. ఫొటో వెలుతురుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ 0.7 పెట్టండి. ఎండ ఉంటే ఇంకొంచెం పెంచి, తెలుపు కాలిపోతోందేమో చూసుకోండి. ఆ పని అయ్యాక మళ్ళీ సున్నాకి తేవడం మర్చిపోవద్దు.

మంచు పెళ్ళ విరిగి పడడం అందరికీ కావాలి. అర కిలోమీటరు దూరం నుంచి చప్పుడు మీకు చేరడానికి దాదాపు సెకనున్నర పడుతుంది. ఉరుములాంటి ఆ చప్పుడు విని కెమెరా ఎత్తితే అప్పటికే పెళ్ళ నీళ్ళలో ఉంటుంది. చిన్న చిన్న ముక్కలు అదే పనిగా రాలుతున్న చోటు కనిపెట్టి, ఒకరి ఫోన్ అటు పెట్టి వీడియో తీస్తూ ఉండండి. ఓడ అక్కడ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది, ఏ వైపు బాల్కనీ అయినా వంతు వస్తుంది, పరిగెత్తనక్కర్లేదు. డెక్ మీద గాలి ఎముకలు కొరుకుతుంది. మామూలు గ్లవ్స్‌తో టచ్ స్క్రీన్ పనిచేయదు, వేలి కొనలు తెరుచుకునేవి కొనండి. మామగారు క్యాబిన్‌లోంచే చూస్తానంటే, అద్దంలోంచి తీయాల్సి వస్తే, గదిలో లైట్లన్నీ ఆర్పి, ఫ్లాష్ ఆపి, లెన్సు అద్దానికి ఆనించి తీయండి.

చిల్లర సంగతులు. చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి. ఇంకో బ్యాటరీ కొని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోండి. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో కుదరదు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఓడ వాళ్ళు లాగేసుకుంటారు, ఇంట్లోనే వదిలేయండి. బయటి చల్లదనం నుంచి వెచ్చటి డైనింగ్ హాల్లోకి రాగానే కెమెరా మీద, ఒక్కోసారి లోపల కూడా చెమ్మ పడుతుంది. డెక్ మీదే జిప్‌లాక్ సంచిలో పెట్టి మూసి, లోపలికొచ్చాక అరగంట ఆగి తీయండి.

64 జీబీ కార్డులు రెండు చాలు. మంచి పేరున్నవి, వీ30 గుర్తు ఉన్నవి. ఓడ వైఫై మీద ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతాయని ఆశపడకండి. లైట్నింగ్ కార్డు రీడర్ ఒకటి కొనుక్కుంటే రోజూ రాత్రి కార్డులోవి ఐఫోన్‌లోకి దించుకోవచ్చు, మీ 14కి యూఎస్‌బీ-సీ పనిచేయదని గుర్తుంచుకోండి. కెమెరా గడియారం అలాస్కా సమయానికి మార్చండి, సియాటిల్ కంటే ఒక గంట వెనక. ఫోన్ తనంతట తాను మార్చుకుంటుంది, కెమెరా మార్చుకోదు. మీరు మార్చకపోతే, ఇంటికొచ్చాక రెండింటి ఫొటోలు కలిపినప్పుడు తిమింగలం కంటే ముందు లంచ్ వచ్చి కూర్చుంటుంది. ముంజేతి తాడు మాత్రం ఎప్పుడూ తగిలించుకునే ఉండండి. రెయిలింగ్ అవతల పడితే అంతే సంగతులు.

మీ బడ్జెట్‌లో వంద డాలర్లు మిగిలితే అత్తగారికి, మామగారికి ఒక 8 బై 42 బైనాక్యులర్స్ కొనివ్వండి. పెద్దవాళ్ళు చిన్న స్క్రీన్‌లోకి తొంగి చూడలేరు, చూసినా మెచ్చుకోరు. కెచికాన్‌లో చెట్టు చిటారున తెల్ల తల గద్ద కూర్చుని ఉంటే, దాని ముక్కు పసుపు రంగు దాకా తమ కళ్ళతో చూసిన ఆనందం వేరు. పదో పన్నెండో రెట్లు పెంచేవి కొనకండి, ఊగే డెక్ మీద తల తిరుగుతుంది.

ట్రైపాడ్ వద్దు. ఓడే కదులుతుంటే ట్రైపాడ్ దేన్నీ ఆపలేదు, బోటులో దానికి చోటూ ఉండదు. జులై మొదట్లో జూనోలో సూర్యాస్తమయం రాత్రి పది గంటల ప్రాంతంలో కాబట్టి మీకు చీకటి ఫొటోల అవసరం కూడా పెద్దగా రాదు. మీ ఓడ గ్లేసియర్ బేకి వెళ్తుందో, ఎండికాట్ ఆర్మ్‌కి వెళ్తుందో, తిమింగలాల బోటు బుక్ చేశారో లేదో రాయండి. బోటు ఎక్కే ఆలోచనే లేకపోతే కెమెరా కొనొద్దు, ఆ డబ్బుతో ముందు బోటు టికెట్లు కొనండి.